పదిహేడో అద్దాల పెట్టె

కొత్తరోడ్డు దాటాక సముద్రం వైపు వాలే సందులో
ఉప్పుగాలి కొరికిన రెండంతస్తుల మేడ.
ఒకప్పుడు ధాన్యం దలాలీ ఆఫీసు,
ఇప్పుడు ఆడవాళ్ల మ్యూజియం.
నేనక్కడ అట్టముక్కలు రాస్తాను.

పేరు. ఊరు. కాలం. సాధించినది.
ప్రతి అట్టకీ నాలుగు గీతలు,
నాలుగోది మిగతావాటికంటే పొడుగు.

చాలావరకు తేలిగ్గానే నిండాయి.
కలరా ఏడాది పెద్దాసుపత్రిలో
నలభై రాత్రులు మేలుకున్న నర్సు ఎనామిల్ పళ్లెం.
ఓడల కార్ఖానాలో క్రేను నడిపినామె
నూనె మరకల చేతితొడుగులు,
ఒకటి కుడిది, రెండోదీ కుడిదే.
ఎడమది ఏమైందని ఎవరూ అడగలేదు.

పదిహేడో పెట్టె దగ్గర కలం ఆగింది.
వెదురు తట్ట.
అంచు చుట్టూ చీర పేలికతో కుట్టు,
అడుగున అతికించిన టైరు ముక్క.
పాతసామాన్ల కొట్లో
నూట ఇరవైకి కొన్నట్టు రసీదు.
పేరు: తెలియదు. ఊరు: పెదజాలరిపేట కావచ్చు.
కాలం: సుమారుగా.
నాలుగో గీత
ఆరు నెలలు తెల్లగానే ఉండిపోయింది.

మార్చిలో, కరెంటు పోయిన ఓ మధ్యాహ్నం,
మనవరాలి భుజం పట్టుకుని ఒక ముసలామె వచ్చింది.
సందర్శకుల పుస్తకంలో పేరు తనే రాసింది,
సూరాడ ఎర్రయ్యమ్మ,
ఒక్కో అక్షరం బొప్పాయికాయంత,
గీత దాటి, పక్కవాళ్ల పేరు మీదికి.

పటాల ముందు నిలబడలేదు. పతకాలు చూడలేదు.
తిన్నగా పదిహేడు దగ్గరికొచ్చి అద్దం తియ్యమంది.
తియ్యకూడదు. తీశాను.
నడుం వంచి తట్టలోకి ముఖం పెట్టింది.

"కడిగేసేరా?"

కడిగాం. సబ్బుతో రెండుసార్లు,
ఎండలో వారం రోజులు,
ఆపైన పురుగు పట్టకుండా మందు.
కొంచెం గర్వంగానే చెప్పాను.

"మరింకేటుంది ఇందులో?"

కుర్చీ వేశాను. కూర్చోలేదు.
నాతో కాదు, తట్టతో చెప్పినట్టు చెప్పింది.

"కంపని బస్సెక్కనిచ్చీవోరు కాదు.
రేవు కాడ్నుంచి గోపాలపట్నం దాకా నడకే.
నెత్తిన ఇరవై కేజీలు,
అయిసు నీళ్లు మెడమీంచి ఈపులోకి.
ఆ ఏడు నాకు ఏడోనెల. ఎక్కేసేను.
కంచరపాలెం మెట్టకాడ దిగిపొమ్మన్నాడు కండట్రు.
నాను దిగనేదు.
ఈలేసి బస్సాపేసేడు.
అందరూ తిట్టేరు. తోటి ఆడోళ్లూ తిట్టేరు.
నాను కిటికీకాసి సూస్తా కూకున్నాను.
గంటో, అరగంటో.
తరవాత బస్సే కదిలింది."

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది.
మనవరాలు ఫోన్లో ఏదో చదువుతోంది,
తెర మాత్రం ఎప్పుడో ఆరిపోయింది.

"మర్నాడు నలుగురం ఎక్కేం."
ఆ నలుగురిలో ఇద్దరి పేర్లే గుర్తు ఆమెకి.
నాలుగో గీత చూపించి ఏం రాయమంటారని అడిగాను.
"నానేటి సాధించేనమ్మా? దిగనేదు, అంతే."

ఆ రాత్రి రాశాను: దిగలేదు.
మేనేజరమ్మ అట్ట చదివి
వాక్యం పూర్తి చెయ్యమంది.
చేశాననే చెప్పాను.
పేరు దగ్గర మాత్రం 'తెలియదు' కొట్టెయ్యలేదు.
తట్ట ఎర్రయ్యమ్మది కాదు.
గుర్తురాని ఆ ఇద్దరిలో ఎవరిదో
అయ్యుండొచ్చు కదా.

సోమవారం మనవరాలొచ్చి
న్యూస్‌పేపర్ పొట్లం చేతిలో పెట్టి వెళ్లిపోయింది.
దోసెడు ఎండు నెత్తళ్లు.
ఏం చెయ్యాలో అందులో రాసిలేదు.
తాళం వేసే ముందు
తట్ట అడుగున పరిచాను.

ఇప్పుడు పళ్లేనికీ ఆ వాసనే, పతకాలకీ ఆ వాసనే.
కాలేజీ పిల్లలు చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని
పైమెట్ల దాకా వస్తున్నారు.
ఫిర్యాదుల పుస్తకం సగం నిండింది.
ఎక్కణ్ణుంచో ఒక చూలుపిల్లి వచ్చి
పదిహేడో పెట్టె కింద చేరింది.
వాచ్‌మన్ కర్రతో నేల కొడతాడు, అదిలిస్తాడు.
అది కిటికీకేసి చూస్తూ కూర్చుంటుంది.