అద్దానికి నీళ్ళు

గుడిపాల దారిలో జ్యూసు ఫ్యాక్టరీ ముందర
మాది నూట పదిహేడో బండి.
టోకెను జేబులో ఉండాది గానీ
తోతాపురి కాయలు ఆగవు గదా,
అడుగు వరసలో చెమర్చను మొదలుపెట్టినాయి.
ఆ తీపి వాసనకు పగలు కందిరీగలు,
రాత్రయితే పేరు తెలియని రెక్కల పురుగులు
అద్దం మీద వాలి ఆడనే ఎండిపోతా ఉండాయి.

బటన్ నొక్కితే ఏమీ రాదు.
ఇప్పుడు కాదు, పదకొండేండ్లుగా రాదు.
వైపరు ఉత్తగా ఊగి
పురుగుల రెక్కల్ని విల్లు మాదిరి పూసి పెడతాది.
ఎదురు లైటు పడిందా,
రోడ్డంతా పాలు ఒలకబోసినట్టే.

ఇన్నేండ్లూ ఆ పని ఏకాంబరం చేసినాడు.
మొగిలి ఘాటు ముందర, బండి నిలపకుండానే
ఎడమ తలుపు తెరిచి, కడ్డీ పట్టుకొని వేలాడి
సత్తు చెంబుతో ఒక్క ఇసురు.
అంత దూరం నుంచి నీళ్ళు
సరిగ్గా నా కంటి ఎదురుగా పడేవి.
నేను ఒక్కసారీ భలే అనింది లేదు.
పంపును ఎవురన్నా మెచ్చుకుంటారా?

ఉగాది అయినాక వాడికి లైసెన్సు వచ్చింది.
హోసూరులో కొత్త బండి ఎక్కినాడు.
చెంబు సీటు వెనకాలే ఉండిపోయింది.

వరస వదిలితే నెంబరు పోతాదని
ఖలందర్ బాషానే మురకంబట్టు నుంచి వచ్చినాడు,
మోపెడ్ మీద, సామాన్ల డబ్బా కాళ్ళ సందున పెట్టుకొని.
ఫ్యూజు చూసినాడు. బాగుంది.
తొట్టి మూత తీసి వేలు ముంచినాడు.
"బోరు నీళ్ళేనా పోసింది?"
అడుగున సున్నం, గోరు మందం.
రెండు వైర్లు పీకి టెస్టు బల్బు ఆనించినాడు.
వెలిగింది.
"చూడు, కరెంటు ఇందాకా వస్తానే ఉండాది.
నువ్వు నొక్కినప్పుడల్లా వచ్చినట్టే.
తీసుకునేది లేక ఈడ నిలబడి పోయింది."

పాత పంపు రానంటే రానంది.
ఊగే పన్ను మాదిరి అటూ ఇటూ కదిపి, కదిపి, లాగితే
తుప్పు నీళ్ళు ఆయన చొక్కా మీద కక్కి ఊడింది.
పక్క బండి చెంగల్రాయులు
కారు పంపు ఒకటుంది, ఊరికే ఇస్తానన్నాడు.
"పన్నెండు వోల్టులదా? ఇరవైనాలుగు తాగిందంటే
పెండ్లి రోజే పాడె ఎక్కుతాది."
కొత్తది నాలుగొందల ఇరవై. బేరమాడితే నాలుగొందలు.
రబ్బరు వదులయితే సైకిలు ట్యూబు ముక్క చుట్టినాడు.
నాజిలు కన్నం పొడవను సూది లేదు.
కుళ్ళిన కాయలు ఏరను వచ్చిన కన్నెమ్మ
గాజులకున్న పిన్నీసు తీసి ఇచ్చింది,
"మల్లా నాది నాకు ఈయాల" అని.

తాగే నీళ్ళే రెండు బాటిళ్ళు పోసి, నొక్కినాను.
గుర్రుమంది. దగ్గింది.
కుడి ధార నా ముందర పడింది.
ఎడమది అద్దం దాటి, క్యాబిను దాటి,
నా లోడు మీద నిద్దరపోతా ఉన్న
చెంగల్రాయులి క్లీనరు పిల్లోడి మొగాన కొట్టింది.
"వానొచ్చిందిరో! పట్ట! పట్ట!"
వాడి కేకకు వరసంతా లేచింది,
నలభై బండ్ల మీద తార్పాలిన్లు పరుగెత్తినాయి,
ఆకాశంలో నక్షత్రాలు ఉన్నవి ఉన్నట్టే ఉండగా.
తిట్లు పడినాయి. ఎవురో టీ తాపించినారు.

అందరూ పడుకున్నాక ఏకాంబరానికి ఫోను చేసినాను.
"పంపు మార్చినానురా."
కొంచేపు ఇంజను చప్పుడే వినిపించింది.
"రెండు పక్కలా పడతా ఉండాదా అన్నా?"
"ఎడమది పైకి ఎగజిమ్ముతాది."
"పిన్నీసు పెట్టి రొంత కిందికి వంచు.
నువ్వు నా పక్క అద్దం ఎప్పుడూ చూడవు."

ఒక మాట నాలిక దాకా వచ్చి
నిలబడింది.
వెనకబండోడు హారను కొట్టినాడు.
వరస మూడు బండ్లు కదిలింది.