మేడ మీద సావధాన్

లెసన్ ప్లాన్ అయిపోయింది:
తొమ్మిది బి, కబడ్డీ, నలభై నిమిషాలు.
సున్నం మూట గుమ్మం పక్కనే ఉంది.

గొంతొక్కటే తయారవలేదు.
"కేక పీకలోంచి కాదమ్మా, బొడ్డులోంచి"
అంటారు గౌరీశ్వర్రావు మాస్టారు.
"మెల్లగా మాటాడే గుంటా" అని
ఇరవై రెండేళ్లు అమ్మ మడతపెట్టి దాచిన గొంతిది.

ఆమదాలవలస హాస్టలు మేడెక్కి
నీళ్ల ట్యాంకుకి సావధాన్ చెప్పాను.
కదల్లేదు.
మంచి విద్యార్థి.

అప్పుడు గుర్తొచ్చింది,
ఆ అమ్మే
నాగావళి ఈ గట్టున నిలబడి
అవతలి దుబ్బుల్లోకి జారుకున్న గేదెని
ఒక్క "ఓ...య్"తో
నీళ్లలోకి దింపేది, ఇటు తిప్పేది.

రేపు పీరియడ్‌లో
కడుపునొప్పని నీడకి జారుకునే
ఆ నలుగురు ఆడపిల్లలూ
గేదెలేం కారు.
అయినా
ఈల జేబులోనే ఉంచి
ఓసారి పిలిచి చూస్తాను.