గీత మీద పేరు

నల్లబల్ల మీద నిలువుగా ఒక గీత గీశాను.
ఇటు "చూసినవాళ్ళు", అటు "విన్నవాళ్ళు".
ఉద్దానంలో అయిదో తరగతి.
బడికి రేకులు మార్చి చాలా ఏళ్ళయినా
వానకి అందరూ పైకే చూస్తారు.

అటువైపు పాత పేపరు ముక్క అంటించాను:
గాలి వేగం, కూలిన కొబ్బరిచెట్ల లెక్క,
మంత్రిగారొచ్చిన తేదీ.

ఇటువైపుకి, జీడిబట్టీలో పని మాన్పించి
దాలెమ్మను పిలుచుకొచ్చాను.
జీడిసొన కాల్చిన వేళ్ళు కొంగులో దాచుకుని
కుర్చీ వద్దంది, గచ్చు మీదే కూర్చుంది.

"ఆ రాత్రి ఏం చూశావమ్మా?"

"ఏటి సూస్తాను బాబూ, కటిక సీకటి.
మంచం కింద దూరిపోనాను, పిల్లని పొట్టకి అదుముకుని.
పనసచెట్టు పడ్డ సప్పుడు కూడా తెలీలేదు.
పాల వాసనొచ్చింది.
అప్పుడు తెలిసింది, అది పోయిందని."

సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది.

కూర్మారావు లేచాడు:
"పేపర్లో పనస లేదండీ, కొబ్బరే రాసేరు."
"దాలెమ్మకి మొత్తం ఎన్ని పడ్డాయో తెలీదు కదా,"
వెనక బెంచీలోంచి ఎవరో.

అప్పుడు భార్గవి, మెల్లగా:
"ఆ పిల్లని నేనేనండి.
నాకేం గుర్తులేదు. అమ్మ సెప్పిందే గుర్తు.
నా పేరు ఎటువైపు రాయాల?"

నాకు తెలీదన్నాను.
తనే వచ్చి సుద్ద తీసుకుంది,
సరిగ్గా గీత మీదే
మూడక్షరాలూ అడ్డంగా రాసింది.

దాలెమ్మ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది,
పేపరు ముక్కకేసి చూస్తూ:
"ఆ లెక్కలో నా సెట్టు ఉందేటి, బాబూ?"