జాడల పుస్తకం

కడపలో మ్యూజియం చిమ్మేది నేను.
లంకమలలో నేల చిమ్మేది మా మనిషి, పక్కీరప్ప.
ఇద్దరికీ చీపురుకట్టే కూడు పెడతాంది.

తొమ్మిదికంతా నా పని అయిపోవల్ల.
నల్లబండల మింద నిన్న వచ్చినోళ్ల అడుగులు:
బస్సు దిగిన ఇస్కూలు పిల్లోళ్లవి, బురద బురదగా,
వానకు తలదాచుకున్న సోడాబండాయనవి,
ఫోటోకని గోడవార నిలబడిన కొత్త జంటవి, ఆమెవి బో చిన్నవి.
తడిగుడ్డ ఒగసారి తిప్పితే
ఎవురూ రానట్టే.
వీరగల్లు మింద కత్తి ఎత్తినోడు మాత్రం
ఎత్తిన చెయ్యి దించడు.
ముక్కు పోయిన జైనసామి కాళ్లకాడ తుడిచేటప్పుడు
ఎందుకో మెల్లగ తుడుస్తా.

మా మనిషిది సాయంత్రం పని.
కలివిపొదల నడాన, మేకల దోవ పక్కన,
రాళ్లేరి, గడ్డి పీకి, సన్నమన్ను జల్లించి
పట్టీ మాదిరి పరుస్తాడు
పెండ్లింట్లో చాప పరిచినంత నిమ్మళంగా.
దాన్ని ఎవురూ తొక్కగూడదు.
ఎవురో ఒగరు తొక్కాలనే పరిచేది.

ఆ ఒగరు కలివికోడి.
శానా ఏండ్లు లేదనుకున్నారంట,
ఒగ రాత్రి ఉండాదన్నారంట,
మళ్లా యాడికి పాయనో.
తెల్లారి పోయి, వంగి సూసి, పుస్తకంలో రాస్తాడు:
కుందేళ్లు రెండు. నక్క ఒకటి, ఒంటిగా.
ముంగిస. కౌజులు, లెక్క తెలీలా.
ఎవురివో గొర్రెలు నలభై.
కలివికోడికి ఎదురుగా అడ్డగీత.
పదకొండేండ్ల గీతలన్నీ కలిపితే
పెన్న మింద వంతెన కట్టచ్చు అంటా ఎగతాళికి.
నవ్వడు.

ఒగసారి జీతం పనిమింద కడపకొచ్చి
నేను ఇడిసేదాకా మ్యూజియంలోనే ఉండాడు.
బొమ్మలన్నీ వదిలేసి ఒగ స్తంభం కాడ కూలబడినాడు.
అడుగున హంసలు, వరస.
ముక్కు సూడలా, రెక్క సూడలా.
జేబులోంచి అగ్గిపుల్ల తీసి కాళ్లు కొలిచినాడు.
"ఎనకేలు గూడా చెక్కినాడు. మన దానికుండదు, ముందర మూడే"
అని తీర్పు చెప్పినట్టు లేసినాడు.
"రాతికి గూడా జాడ తీస్తాండావేమప్పా" అని సారు నవ్వినాడు.
ఆయన మోకాళ్లు మోపిన కాడ దుమ్ములో రెండు గుండ్రాలు.
తుడిచేసినా.
జీతం దానికే గదా.

మొన్న బేస్తవారం సాయంత్రం
సద్ది ఎత్తుకొని నేనే పోతి అడివికి.
సిద్ధవటం దాటి ఆటో దిగేతలికి
కొండ ఎండిన వక్క రంగుకు తిరగతాండాది.
రేగుముండ్లు కొంగు పట్టుకొని ఇడవవు.
కాలవగట్టు మింద మన్ను తోడే మిషను
మెడ వంచి నిద్రపోతాండాది.
చీకటి పడినాక ఆయన ఫోన్లో పిట్ట కూత పెట్టినాడు.
రెండే రెండు మాటలు. పిలిచి, ఆగినట్టు.
మళ్లా పెట్టినాడు.
చెట్టూ గుట్టా ఇంటాండాయి,
నేనూ ఊపిరి బిగబట్టుకోని.
యాడనో ఒగ తీతువు మమ్మల్ని తిట్టి పాయ.
అంతే.

నడిరేతిరి దప్పికై, నీళ్ల క్యాను ఎతుక్కుంటా నడిస్తి.
తెల్లారి సూస్తే సన్నమన్ను మింద నా కాలు,
చిటికినేలి వంకరతో సహా.
తిడతాడనుకుంటి.
వంగినాడు. అగ్గిపుల్ల పెట్టి కొలిచినాడు.
పుస్తకం తీసినాడు.

కుందేలు ఒకటి.
కౌజులు మూడు.
మనిషి, ఆడ, ఎడమకాలు, కాలవ దిక్కుకు.
కలివికోడి

గీత గీయబోయి పెన్ను ఆపినాడు.
"ఆ కొస పట్టీ ఇంగా సూడలే" అని పొదల్లోకి పాయ.

చీపురు తీసుకొని నా కాలి దగ్గిరికి పోతి.
కొంచేపు నిలబడి
మళ్లా తుమ్మకు ఆనించి పెడితి.
శుక్రవారం.
మ్యూజియంకు సెలవు.