మూతున్న పెట్టె

మురకంబట్టు దాటినాక దస్తగిరి షెడ్డు.
బెంచీ మీద రెండు పెట్టెలు.

ఒకటి కోయంబత్తూరు నుంచి పార్శిల్లో వచ్చింది.
నల్లటి కార్బన్ ఫైబరు,
వేలిముద్ర పడితే నాకు మనసొప్పదు.
మూత లేదు, ఫిల్టరు బయటికే కనపడుతుంది.
యాక్సిలేటరు తొక్కితే టర్బో బుస్సుమంటుంది,
ఆ బుస కోసమే చీటీ పాడుకున్నా.

రెండోది గిరింపేటలో రేకు వంచి చేయించింది.
మూతుంది, అంచున రబ్బరు, ఒక మూల సొట్ట.
చప్పుడు చెయ్యదు.

దస్తగిరి ఏమీ చెప్పలేదు.
మొదటిది బిగించి మొగిలి ఘాటెక్కించినాడు.
ముందర గ్రానైటు లారీ,
దాటాలని రెండుసార్లు చూసి తగ్గినాడు.
బుస బుసే. బండికే ఆయాసం.
పక్కకాపి, బానెట్టెత్తి,
నా చెయ్యి పట్టి గాలిపైపు మీద పెట్టినాడు.
చురుక్కుమంది.
"టర్బో పక్కనే కూచోని దాని వేడే తాగతా ఉండాదన్నా.
ఈ అరుపు నీ చెవులకి. ఇంజనుకి గాదు."

తిరిగొచ్చి పాత కంపెనీ ఫిల్టరు
గోనెసంచి మీద తట్టినాడు.
బూడిదరంగు రాతిపొడి, రాలిన మామిడి పూత,
ఒక తూనీగ రెక్క, చిరగనైనా లేదు.
ఏడాదిగా నేను పోయిన దోవంతా
పిడికెడు.

సొట్ట పెట్టెకే తలూపినా.
బంపరు వెనక నుంచి చల్లగాలికి గొట్టం లాగమన్నా.
నల్లది మళ్లీ అట్టపెట్టెలో పెట్టినా,
చీటీ బాకీ ఇంకా నాలుగు నెలలుంది.

ఇంటికొస్తా, రైల్వే గేటు కాడ ఎవురూ లేరని
అద్దం దించి ఒకసారి గట్టిగా తొక్కినా.
ఏమో, సన్నగా
వినపడినట్టే ఉండింది.