రద్దీ

జీవకోన బడిలో మూడో తరగతి నాది.
గది ఇరవై అడుగులు, పదహారు అడుగులు.
పిల్లలు నలభై ఏడు మంది.
ఆఫీసు పంపిన ఫారంలో
టీచరుకు ముప్పై అని ముందే అచ్చేసి ఉంది.
మిగతా పదిహేడు మందిని ఏ గడిలో కూర్చోబెట్టాలో
హెడ్మాష్టరు రెడ్డెప్ప సారుకూ తెలీదు.
"రాసెయ్‌మ్మా, అడిగితే చూద్దాం" అన్నాడు.

తండ్రి వృత్తి:
జీపు డ్రైవరు. లాడ్జి దుప్పట్లు ఉతికే పని.
కల్యాణకట్టలో రోజుకు వంద గుండ్లు గీసే ఆయన.
వాళ్ళ పిల్లోడి జుట్టు మాత్రం కళ్ళల్లో పడుతుంటుంది.

మాతృభాష:
తెలుగు, అరవం, ఉర్దూ.
యుగంధర్ రెండు చెప్పినాడు,
అమ్మతో ఒకటి, అవ్వతో ఒకటి.
గడి ఒకటే.
అవ్వను కొట్టేసినాను.

సగటు హాజరు:
దీనికి నా దగ్గర ఒక సూత్రముంది, ఫారంలో చోటు లేదు.
కొండ మీద రద్దీ పెరిగితే
నా గదిలో రద్దీ తగ్గుతుంది.
క్యూ రోడ్డు మీదికొస్తే ఇరవై ఆరు మంది.
గరుడసేవ మర్నాడు తొమ్మిది మంది, అందులో ఇద్దరు నిద్ర.
ఒకడు కొత్త గుండ్లకు టోపీలు అమ్ముతుంటాడు,
ఒకతి చంటిదాన్ని ఎత్తుకోనుంటుంది.

రాత్రి వాన.
ఘాట్ రోడ్డులో బండలు పడి జీపులు ఆపేసినారు.
ఈరోజు అందరూ వచ్చినారు.
నలభై ఏడూ.
తడిసిన చొక్కాల వాసన,
మోకాలి మీద మోకాలు, కిటికీలో ఇద్దరు.
నేను బోర్డు దగ్గరికి పోవాలంటే
ఒక వరస లేచి నిలబడాల.

తలుపు దగ్గర బాసంతి.
కొత్త లాడ్జికి కమ్మీలు కట్టే ఆయన కూతురు, ఒరిస్సా పిల్ల.
టీసీ లేదు, రిజిస్టరులో ఎక్కలేదు.
తెలుగింకా రాదు, అంకెలు మాత్రం వచ్చేసినాయి.
అందుకే తలలు లెక్కపెట్టే పని ఆ పిల్లకిచ్చినాను.
వేలు చూపిస్తా, పెదాలు కదిలిస్తా,
చివర తన రొమ్ము మీద వేలు పెట్టుకొని
"నలభై ఎనిమిది" అనింది.

నేను నలభై ఏడు రాసినాను.

మధ్యాహ్నం గుడ్లూ నలభై ఏడే వచ్చినాయి.
వేరే రోజుల్లో మిగిలేవి.
వంటామె గంగులమ్మ నా మొగం చూసింది.
వాళ్ళమ్మ పూలు కడుతుంది కదా, దేవసేన
జేబులోంచి పూలదారం తీసి
తన గుడ్డు చుట్టూ వేసి లాగింది.

పచ్చసొన ఒక పక్కకే ఎక్కువ పోయింది.
ఇద్దరూ ఆ పక్కే చూస్తా ఉండారు.