మ్యాపుల లేని సంచి

సోహార్ పోర్టు ఎనక, రోడ్డు పొంటి
ఇరవై రెండు స్తంభాలు.
ఒక్కోదానికి రెండు సంచులు కడ్త.
ఒకదాంట్ల ఏదో తడి దేశం నాచు,
కడిగి, ఎండవెట్టి, తూకమేసింది.
ఇంకోదాంట్ల ఎవరి లాన్లనో మిగిలిన ప్లాస్టిక్ గడ్డి.

"సచ్చిన నాచు సుత దుమ్ము వడ్తదా మేడం?"
సుమయ్య మేడం నవ్వింది.
"సచ్చిందే మంచిగ వడ్తది.
పెరగదు గదా, లెక్క తప్పదు."

ఆరు వారాలు.
రాత్రి ఫర్నేసుల దిక్కు గాలి, పగలు సముద్రం గాలి.
తొఫజ్జల్ నిచ్చెన వడ్తడు, నేనెక్కుత.
చేతులకు గ్లౌజులు,
మా చేతుల మురికి లెక్కల కలుస్తదని.
మొదటి దినం నవ్వొచ్చింది.
ఖర్జూరపాకులు సుత కోస్తం.
ఒక్క ఆకు కడిగిన నీళ్లు సీసల పోసి పెడితె
పొద్దుమీకెటాల్లకు అడుగున కాటుక.

ఒక సంచి ఎక్కువైంది.
క్యాంపుల మా కిటికీకి కట్టిన,
తొమ్మిది మంది లుంగీలు ఆరే తీగ పక్కన.
ఎవ్వలకు చెప్పలే, నంబరెయ్యలే.

దించిన రాత్రి ల్యాబుల
కాంటా మీద పెట్టి ఊపిరి బిగవట్టిన.
శ్వాస తగిలినా ఊగే కాంటా అది.
అంకె నిలవడ్డది.
స్మెల్టర్ గేటు కాడి పదకొండో స్తంభం కంటె
రెండు మిల్లీగ్రాములే తక్కువ.

పొద్దుగాల మేడంకు చూపెడ్త.
"ఈ పాయింటు మ్యాపుల లేదు" అంటది కావచ్చు.
లేకుంటె పెన్ను దీసి
ఇరవై మూడు అని రాస్తదేమో.
ఇప్పటికైతె అంకె
చెయ్యి మీద రాసుకున్న,
గ్లౌజు లేని చెయ్యి మీద.